కుందేలు పక్క సీటు

సెప్టెంబరు 1

మా వీధిలో దీపాలు మార్చారు. కొత్తవాటికి వెలుగుంది గానీ ఆ వెలుగులో ఏదీ సరిగా కనబడదు. ఎవరికైనా ఫిర్యాదు చేద్దామనుకున్నాను. ఎవరికి చెయ్యాలో తెలియక ఊరుకున్నాను.

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు, షెడ్డులో కుందేలుతో తప్ప.

సెప్టెంబరు 4

పాత కార్ల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. నవంబరులో ఊరేగింపు. ఈసారి ఒక పుస్తకం కూడా వేస్తారట. ఎవరి బండి గురించి వాళ్ళు నాలుగు ముక్కలు రాసివ్వాలట. "ప్రెస్సులో అన్నేళ్ళు ప్రూఫులు దిద్దారు, మీకు రాయడం ఒక లెక్కా మాస్టారూ" అన్నాడు. దిద్దడం వేరు, రాయడం వేరు. అతనికి ఎవరు చెప్తారు? చిత్తు ఇక్కడే రాసుకుంటున్నాను.

"ఈ బండి చేసిన కంపెనీ రాజులకూ కోటీశ్వరులకూ ఏనుగుల్లాంటి కార్లు చేసి పేరు తెచ్చుకుంది. కిందటి శతాబ్దం మొదట్లో వాళ్ళకి ఎందుకో ఒక చిన్న బండి చెయ్యాలని బుద్ధి పుట్టింది. డాక్టర్లూ ప్లీడర్లూ డ్రైవరు లేకుండా సొంతంగా నడుపుకోవాలని వాళ్ళ ఆలోచన. రెండు సిలిండర్లు, రెండు సీట్లు, కర్ర చక్రాలు, ఇత్తడి దీపాలు. పనితనంలో పెద్ద బండ్లకి వీసమెత్తు తగ్గించలేదు. అందుకే ఖరీదూ తగ్గలేదు. ఇంత చిన్న బండికి అంత ఖరీదా అని ఎవరూ కొనలేదు. కొద్ది కాలానికే చెయ్యడం మానేశారు. ఇప్పుడు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దీన్ని ఒక ముసలి డాక్టరు మా మేనమామకి ఇచ్చి వెళ్ళాడు. ఏనుగుల ఇంట్లో పుట్టిన కుందేలు అని మామయ్యే పేరు పెట్టాడు. దీనికి ముందు చక్రాలకి బ్రేకులు లేవు. కనక దీన్ని నడిపేవాడు అందరికన్నా ముందే చూడాలి అనేవాడు."

చివరి రెండు వాక్యాలూ కొట్టేశాను. పుస్తకంలో అవెందుకు.

సెప్టెంబరు 7

నేను దిద్దిన నవల ప్రెస్సు ఓనరు తిప్పి పంపించాడు. నేను రిటైరైనా ఆయన ఇంకా అప్పుడప్పుడు పని ఇస్తూనే ఉన్నాడు, మంచివాడు. ఒకచోట "అతను ఎవరికీ చెప్పకుండా మాయమైపోయాడు" అని ఉండాల్సింది "మామమైపోయాడు" అని ఉందట.

"ఎవరికీ చెప్పకుండా మామ ఎలా అయిపోయాడు మాస్టారూ?" అని ఫోన్లో పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"ఏవో ఒకటీ అరా ఉన్నాయి లెండి."

నా బతుకులో ఒకటీ అరా ఎప్పుడూ లేవు. సిరా నాసిరకం వాడుతున్నారు. మకీ యకీ తేడా లేకుండా అలికేస్తున్నారు. రేపు వెళ్ళి చెప్పాలి.

సెప్టెంబరు 8

వెళ్ళలేదు. సిరాదే తప్పు.

సెప్టెంబరు 13

ఆదివారం. కుందేలుని బయటికి తీశాను. ముందున్న హ్యాండిల్ రెండోసారి తిప్పేసరికే ఇంజను అందుకుంది. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి తిప్పాలి, చుట్టూ బిగించి పట్టుకుంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఈ సంగతి నాకు తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరికైనా తెలుసా అనుకుంటూ తిప్పాను. ఇలాంటివి అనుకోవడం నాకు సరదా.

రబ్బరు బుడగ హారన్ నొక్కితే వీధి పిల్లలు "పొంపొం తాత, పొంపొం తాత" అంటూ కొంత దూరం పరిగెత్తుకొచ్చారు. పక్క సీట్లో ఎప్పుడూ ప్రూఫుల కట్ట పెట్టుకుని ప్రెస్సుకి పోయేవాణ్ణి. ఇవాళ కట్ట లేదు. ఖాళీగా ఉంటే ఏదో వెలితిగా ఉందని నా సంచీ పెట్టాను. సంచీలోనూ ఏమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గేటు స్తంభం మడ్‌గార్డుకి తగిలింది. వానలకి గేటు కుంగింది.

సెప్టెంబరు 20

కూరగాయల బజారు దగ్గర ఎవరిదో గొడుగు రోడ్డు మధ్యలో పడి ఉంది. దాని మీంచి పోయాను. చువ్వలు టకటకమని విరిగాయి. జనం ఏదో అరిచారు. ఈ ఊళ్ళో జనానికి ప్రతిదానికీ అరవడం అలవాటు. ఆగలేదు.

నల్ల గొడుగు.

సెప్టెంబరు 21

పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఎదురింట్లో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా నమస్కారాలే గానీ మాటల్లేవు. చేతిలో విరిగిన గొడుగు.

"ఇది మీదేనా మాస్టారూ?"

"నాది కాదే."

"నాది" అంది.

నేను రమ్మనకుండానే లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. మోచేతికి గుడ్డ కట్టి ఉంది.

"నిన్న బజారు దగ్గర రోడ్డు దాటుతున్నా. మీరొస్తున్నారు. చూశారు కదా, ఆపుతారు అనుకుని చెయ్యి కూడా ఊపాను. మీరు నన్నే చూస్తున్నారు మాస్టారూ. నా మొహంలోకి చూస్తూ, చూస్తూనే మీదికి వచ్చేశారు. పక్కకి దూకాను గనక గొడుగుతో పోయింది."

"ఎండ కళ్ళలో పడుంటుంది" అన్నాను.

"నిన్న ఎండెక్కడుంది? గొడుగు వేసుకుంది వానకి."

కాఫీ తాగుతారా అని అడిగాను. వద్దంది.

"ఎప్పట్నించి?"

"ఏమిటి ఎప్పట్నించి?"

"కళ్ళు."

"నా కళ్ళకేం? ఈ కళ్ళతో ఎన్ని పుస్తకాలు దిద్దానో మీకు తెలుసా?"

"అందుకే అడుగుతున్నా" అంది నెమ్మదిగా. తర్వాత లేచింది. "డాక్టరుకి చూపించుకోండి. అంతవరకూ ఆ బండి బయటికి తియ్యొద్దు. తీస్తే నేను ఊరుకోను."

"బెదిరిస్తున్నారా?"

"అవును" అని వెళ్ళిపోయింది. గొడుగు నా కుర్చీ పక్కనే వదిలేసి పోయింది.

ఒట్టి గయ్యాళి.

సెప్టెంబరు 22

నా గేటుకి అడ్డంగా స్కూలు కారు! నెత్తిమీద "నేర్చుకుంటున్నాం, కాస్త ఓపిక పట్టండి" అని బోర్డు. ఇది నా ఇల్లా, ఆవిడ పార్కింగా? వీధిలో నిలబడి కేకలేశాను. ఆవిడ మేడ మీద నుంచి తొంగి చూసి, "క్లాసుకి వెళ్ళేటప్పుడు తీస్తా మాస్టారూ, రాగానే మళ్ళీ పెడతా" అంది, అదేదో నాకు ఉపకారం చేస్తున్నట్టు.

మధ్యాహ్నం ఎవరికో క్లాసు చెప్పడానికి కారు తీసుకుపోయింది. గేటు ఖాళీ. పోవచ్చు. పోలేదు. కుందేలులో పెట్రోలు లేదు.

సెప్టెంబరు 23

పెట్రోలు ఉంది.

సెప్టెంబరు 27

గోడమీద క్యాలెండరుంది. ఇవాళ్టి తేదీ మీద కళ్ళు పెడితే ఇవాళ ఉండదు. నిన్న ఉంటుంది, రేపు ఉంటుంది. నడుమ ఎవరో తడివేలితో రుద్దినట్టు మరక. నిన్నటి మీద చూపు పెడితే నిన్న పోయి ఇవాళ వస్తుంది.

కుడి కన్ను మూసి చూశాను. ఎడమ కన్ను మూసి చూశాను. క్యాలెండరు పాతబడింది అని రాయబోయాను. రాయలేదు.

సెప్టెంబరు 28

అక్క ఫోన్ చేసింది. నెలకోసారి చేస్తుంది. నేను పలకగానే, "ఒరేయ్, ఏంట్రా ఆ గొంతు? జ్వరమా?" అంది.

ఏం లేదన్నాను. ఏం లేదంటే వదిలే మనిషి కాదు. తవ్వి తవ్వి అడిగింది. చివరికి గొడుగు సంగతి చెప్పాల్సి వచ్చింది.

"మామయ్యకీ ఇంతేరా" అంది.

"ఏంటి ఇంతే?"

"నీకు నిజంగా తెలీదా? కాలేజీలో చేరగానే నీచేత బండి ఎందుకు నడిపించడం మొదలుపెట్టాడనుకున్నావు? ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే బండి, పద్దెనిమిదేళ్ళ కుర్రాడి చేతికి ఎవడిస్తాడురా?"

నేనంటే ఇష్టం గనక ఇచ్చాడనుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను. అది మాత్రం అక్కతో అనలేదు.

మామయ్య పక్కన కూర్చుని, "అదిగో మలుపు, అదిగో వంతెన" అంటూ అన్నీ చూస్తున్నట్టే చెప్పేవాడు. దారంతా ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కసారి మాత్రం, రోడ్డు మీద కొత్తగా గుంట తవ్వి ఉంటే, ఏమీ అనలేదు. నేనే చూసి ఆపాను. నువ్వు చూస్తావో లేదో పరీక్షిద్దామని ఊరుకున్నానురా, అన్నాడు.

అక్టోబరు 5

కంటి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. అక్షరాల పట్టిక ముందు కూర్చోబెట్టి చదవమంది. నాకు నవ్వొచ్చింది. అక్షరాల ముందు తడబడడం నేనెప్పుడూ ఎరగను. పై వరస చదివాను. రెండో వరస దగ్గర అక్షరాలు ఒక్కొక్కటే పక్కకి తప్పుకున్నాయి, నన్ను చూసి దారి ఇస్తున్నట్టు.

చుక్కల మందు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. నడిమధ్య చూపు పోతోంది. రెండు కళ్ళకీ. చుట్టూ ఉన్నది ఉంటుంది. పూర్తి చీకటి మాత్రం రాదు, ఆ భయం పెట్టుకోకండి. ముందే వచ్చి ఉంటే కొంత ఆపగలిగేవాళ్ళం, ఇప్పుడు ఇంకా పాడవకుండా చూసుకోవాలి.

"నాకు చదవడమే పని డాక్టరుగారూ."

"పెద్ద అక్షరాలకి భూతద్దం ఇస్తాను. చిన్నవి కష్టం."

"మరి బండి?"

"నడపకూడదండీ."

"నవంబరులో ఊరేగింపుంది. ఆ ఒక్కపూట. నడిచేంత వేగంతోనే పోతుంది."

ఆ అమ్మాయి ఏదో రాస్తూ తలెత్తకుండానే, "ఊరేగింపంటే రోడ్డుకి రెండు వైపులా జనం ఉంటారు కదండీ" అంది.

తిరిగి వచ్చేటప్పుడు తప్పు బస్సెక్కాను. చివరి స్టాపు దాకా పోయి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. కండక్టరు మళ్ళీ టిక్కెట్టు అడగలేదు.

అక్టోబరు 6

ఏమీ లేదు.

అక్టోబరు 8

ఏమీ లేదు. స్కూలు కారు గేటు ముందు నుంచి తీసేశారు. ఎవరు చెప్పారో ఆవిడకి. నా మొహమే చెప్పి ఉంటుంది.

అక్టోబరు 11

సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి ఈసారి కుందేలు రాదని చెప్పాను. కంగారు పడ్డాడు. "పుస్తకం అట్ట మీద మీ బండి బొమ్మే వేశాం సార్. ఎవరైనా డ్రైవర్ని పెట్టుకుందాం, మేమే పంపిస్తాం." కుదరదన్నాను. మామయ్యా నేనూ తప్ప ఇంకొకరు దాని చక్రం పట్టుకోలేదు. పట్టుకోరు.

సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి ఇంజను వేశాను. నడపడానికి కాదు, ఊరికే పెడితే బిగుసుకుపోతుందని. డ్రైవరు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఇటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాను.

చప్పుడు విని టీచరమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. గేటు విరిగేలా తోసింది. షెడ్డు గుమ్మంలో ఆగి చూసింది. ఇంజను ఆడుతోంది. చక్రం ముందు ఎవరూ లేరు. నేను ఈ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎక్కడికి ప్రయాణం?" అంది, రొప్పుతూ.

"ఎక్కడికీ కాదు."

మెల్లగా మొహం మారింది. నవ్వుతోందని చూపు పక్కకి తిప్పితే కనబడింది.

"అది నా సీటు మాస్టారూ" అంది.

"అంటే?"

"స్కూలు పెట్టినప్పట్నించీ నాది పక్క సీటే. ఎవరో నడుపుతుంటారు, నేను నా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటా. అందరూ నేర్చుకుని తలో దిక్కూ పోతారు. నేనుగా బండి నడిపింది ఎప్పుడో నాకే గుర్తులేదు. స్టూడెంటు గుమ్మం దాకా పోవడం, బంకు దాకా పోయి పెట్రోలు కొట్టించుకు రావడం, అంతే."

ఇంజను ఆడుతూనే ఉంది. నేను ఎందుకన్నానో తెలీదు. అనాలని అనుకోలేదు.

"కూర్చోండి" అన్నాను.

"ఎక్కడ?"

"అక్కడే. ఖాళీగానే ఉందిగా."

అక్టోబరు 15

టీచరమ్మ నడపడం ఊరేగింపు కోసం కాదు. ఇంజను బిగుసుకుపోకుండా మాత్రమే. ఆమెకి ఆ మాట స్పష్టంగా చెప్పాను. సరే మాస్టారూ అంది.

అక్టోబరు 17

ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి, కుందేలు దగ్గర అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. దీనికి గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. మొదటిసారి తొక్కి గేరు తీసెయ్యాలి, ఇంజను చప్పుడు సరైన చోటికి వచ్చేదాకా ఆగాలి, మళ్ళీ తొక్కి వెయ్యాలి. ఆ సరైన చోటు చెవికే తెలుస్తుంది. తొందరపడితే లోపల పళ్ళు కర్రుమంటాయి. ఇవాళంతా కర్రుమంటూనే ఉన్నాయి. వీధిలో కుక్కలన్నీ లేచి వెళ్ళిపోయాయి.

చివరికి నేను చప్పుడు విని "ఊఁ" అనేటట్టూ, అనగానే ఆమె వేసేటట్టూ ఒప్పందం చేసుకున్నాం. మూడుసార్లకి ఒకసారి నిశ్శబ్దంగా పడుతోంది.

ఒక సైకిలు అడ్డం వచ్చింది. నాకు కనబడలేదు, బెల్లు వినబడింది. నా కాలు దానంతటదే కింద చెక్కని గట్టిగా తొక్కింది.

"అక్కడ బ్రేకు లేదు మాస్టారూ."

"తెలుసు."

"ఊరికే చెప్పా. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా నా కాలూ అలాగే తొక్కుతుంది."

అక్టోబరు 20

మా వీధి చివర మలుపులో ఆమె రెండో గేరు బదులు మూడోది వేయబోయి, చక్రం తిప్పడం మర్చిపోయి, కుందేలుని పిట్టగోడకి ఆనించింది. ఎడమ వైపు ఇత్తడి దీపం సొట్టపోయింది.

చాలా మాటలన్నాను. అన్నీ ఇక్కడ రాయను. "ఇందుకే ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు" అన్నాను. "దిగండి" అన్నాను. ఆమె దిగింది. ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి మరీ దిగింది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

నలుగురు పిల్లలు కలిసి తోసి బండిని ఇంటికి చేర్చారు.

అక్టోబరు 23

ప్రెస్సుకి వెళ్ళాను. పని ఏమైనా ఉందా అని. ఓనరు కుర్చీలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎప్పుడూ లేచేవాడు కాదు. లేవడంతోనే తెలిసిపోయింది. "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే చూసేస్తున్నారు మాస్టారూ" అన్నాడు. అవునవును అన్నాను. నా పాత బల్ల మీద ఎవరో అట్టపెట్టెలు పెట్టుకున్నారు. బల్ల అంచు మీద నా మోచెయ్యి అరగదీసిన గుంట అలాగే ఉంది. దాన్ని చేత్తో తడిమి చూసి వచ్చేశాను.

అక్టోబరు 26

ఎదురింటివైపు చూడలేదు.

అక్టోబరు 27

ఎదురింట్లో రేడియో వినబడుతోంది. వార్తలు, పాటలు, మళ్ళీ వార్తలు. ఎవరూ వినని ఇంట్లో మోగినట్టు మోగుతుంది. ఇన్నేళ్ళుగా మోగుతూనే ఉండాలి. ఇప్పుడే విన్నాను.

అక్టోబరు 29

రోడ్డు దాటాను. మా గేటు నుంచి వాళ్ళ గేటుకి. ఇంత రోడ్డు. రెండు వైపులా చెవులు పెట్టి నిలబడి, ఒక స్కూటరు పోనిచ్చి, దాటాను.

తలుపు తీసి, రండి అనలేదు. నేనే లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కుర్చీ ఒక్కటే ఉంది గనక ఆమె నిలబడాల్సి వచ్చింది. నేను లేచాను. ఆమె కూర్చోమంది. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

"నా స్టూడెంట్లు గుద్దని గోడ ఈ ఊళ్ళో లేదు మాస్టారూ. ఒక్కరి మీద కూడా నేను అరవలేదు."

"మీ కార్లకి సొట్టలు పడవా?"

"పడతాయి. తీయిస్తా. మళ్ళీ పడతాయి."

"నాకు అది చేతకాదు" అన్నాను.

ఆమె రేడియో గొంతు తగ్గించింది.

"ఆ బండి తప్ప నాకు..." అని మొదలుపెట్టాను. మిగతాది రాలేదు.

"తెలుసు" అంది. "నాకు ఇది కూడా లేదు." ఏది లేదో చెప్పలేదు. నేను అడగలేదు. కాసేపయ్యాక, "దీపం సొట్ట తీసేవాడు నాకు తెలుసు. ఇనప సుత్తీ అదీ కాదు, చెక్కసుత్తితో కొడతాడు. రేపు తీసుకుపోదామా?" అంది.

"ఊరేగింపు పదహారున" అన్నాను.

"అది కూడా తెలుసు. సంఘం వాళ్ళకి నేనెప్పుడో ఫోన్ చేసి చెప్పా, కుందేలు వస్తోందని."

చెప్పానుగా, గయ్యాళి.

నవంబరు 6

టీచరమ్మ లావుపాటి నల్ల స్కెచ్ పెన్ను తెచ్చిచ్చింది. సన్న పెన్నుతో రాస్తే గీత ఎక్కడ పెట్టానో తెలియడం లేదు. దీంతో రాస్తే ఒక పేజీకి నాలుగు వరసలు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కుతోందేమో కూడా. మొదటి పేజీలు తిప్పి చూశాను. అక్కడ నేనేం రాశానో నాకు కనబడదు. ఎవరి కంటా పడకూడదని దాచుకున్న డైరీ. చివరికి నా కంటా పడకుండా పోయింది.

రాయడం మానను. ఇప్పుడు ఒక విధంగా ఇంకా నయం, వెనక్కి తిరిగి దిద్దే పని లేదు.

నవంబరు 10

ఆమె చక్రం పట్టుకుంటే నేను దారి చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. మామయ్యలాగా.

"చెప్పండి చెప్పండి" అంది. "తప్పు చెబితే నేను వినను గదా."

నవంబరు 16

రాయాలంటే చాలా ఉంది.

పొద్దున మైదానంలో బండ్లన్నీ వరసగా పెట్టారు. కుందేలు ముందు ఏనుగంత నల్ల కారు, అదే కంపెనీది. జనం దాని దగ్గర ఫొటోలు దిగి, ఇటు వచ్చి "ఇది దాని పిల్లా?" అని అడిగారు. టీచరమ్మ కొత్త బట్టలు కట్టుకుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. జెండా ఊపారు. కదిలాం.

బజారు దాటేదాకా బ్రహ్మాండంగా పోయాం. జనం చప్పట్లు కొడుతుంటే నాకు చేతులు మాత్రం కనబడుతున్నాయి, మొహాలు లేవు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తెక్కే రోడ్డు మధ్యలో ముందున్న నల్ల కారు హఠాత్తుగా ఆగింది. మేమూ ఆగాం. ఆగగానే ఇంజను ఆగిపోయింది. ఆమె చేతి బ్రేకు పట్టుకుంటే నేను దిగి హ్యాండిల్ తిప్పాను. ఇంజను అందుకుంది. మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. కానీ ఇద్దరి బరువుతో ఆ ఎత్తులో కదలనంది. కొంచెం ముందుకి పోవడం, వెనక్కి జారడం. ముందు చక్రాలకి బ్రేకుల్లేవు. వెనక బండ్లు, పక్కన జనం.

"నేను దిగిపోతా" అన్నాను.

"దిగితే మళ్ళీ ఎక్కించుకోవడానికి ఆగలేను మాస్టారూ. ఆగితే అంతే సంగతులు."

"ఆగొద్దు. పోండి."

"మీరు ఇక్కడ ఒక్కరే ఏం చేస్తారు?"

"ముందు పోండి!"

దిగి వెనక్కి వెళ్ళాను. ఎవరో ఇద్దరు వచ్చి నాతో పాటు తోశారు. భుజం ఆనించి తోశాను. నా భుజం కింద కుందేలు ఒక్కసారి తేలికైపోయింది. చేతులు గాలిలో ఉన్నాయి. అది పోయింది.

ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ దానిలోపలే ఉన్నాను. అది దూరంగా పోతుంటే ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేదు. లోపలుంటే గరగరలాడుతుంది. బయటినుంచి అలా కాదు. మెత్తగా, పుస్తకం పేజీలు ఎవరో బొటనవేలితో గబగబా వదులుతున్నట్టు. ఎత్తు ఎక్కింది, మలుపు తిరిగింది, ఇంకా కాసేపు వినబడింది.

ఎవరో నా మోచెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, వెనక కార్లొస్తున్నాయి, పక్కకి రండి" అని గోడవార నిలబెట్టి పోయారు. మిగతా బండ్లన్నీ పోయాయి. జనం బండ్ల వెంట పోయారు. రోడ్డు మీద కాగితం కప్పులు దొర్లుతున్నాయి. ఇంటికి దారి ఎటో తెలుసు, కానీ కాళ్ళు కదల్లేదు. గోడ మీద కూర్చున్నాను. ఎంతసేపో. బజారులో ఇన్ని వేల మంది ఉండగా నేనిక్కడ ఉన్నానని ఈ భూమ్మీద ఒక్కరికే తెలుసు అనుకున్నాను. ఆ ఒక్కరూ ఆగలేని బండిలో ఉన్నారు.

అప్పుడు కింద నుంచి వినబడింది. వెనక్కి తిప్పడం కుదరక ఊరంతా చుట్టేసి, మళ్ళీ బజారు మీంచి అదే ఎత్తు ఎక్కుతోంది. ఒక్క మనిషి బరువుతో కుందేలు నిజంగా కుందేల్లాగే వస్తోంది.

"ఆపను మాస్టారూ!" అని దూరం నుంచే అరుపు. "పరిగెత్తండి! పరిగెత్తి ఎక్కండి!"

"నా వయసెంతనుకున్నారు?"

"ముందు పరిగెత్తండి, తర్వాత చెబుదురుగాని!"

పరిగెత్తాను. తలుపు రెక్క చేతికి దొరికింది, పాదాల మెట్టు దొరకలేదు. ఆమె ఒక చేత్తో చక్రం పట్టుకుని ఇంకో చేత్తో నా చొక్కా కాలరు పట్టి లోపలికి లాగింది. మోకాలు దోక్కుపోయింది. కాలరు చిరిగింది. సీట్లో అడ్డంగా పడ్డాను. ఇద్దరం ఏడ్చినంత పని చేసి నవ్వాం.

ఊరేగింపు అప్పటికే అయిపోయింది. మైదానంలో కుర్చీలు మడతపెట్టేస్తున్నారు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మైదానం చుట్టూ ఒకసారి తిప్పింది, ఎవరి కోసమో తెలీదు, తర్వాత ఇంటికి తీసుకొచ్చింది.

నవంబరు 17

మోకాలికి మందు రాసుకున్నాను. సాయంత్రం టీచరమ్మ గేటు తోసుకుని వచ్చి, కూర్చోకుండానే, వచ్చే ఆదివారం సముద్రం దాకా పోదాం అంది.

"అంత దూరం కుందేలు ఎప్పుడూ వెళ్ళలేదు" అన్నాను.

"మీరు వెళ్ళలేదు మాస్టారూ. దాన్నెవరు అడిగారు?"

సరేనన్నాను. అన్నాక భయం వేసింది. దారిలో ఆగిపోతే, వాన వస్తే, ఆమెకి ఏదైనా అయితే. ఆమె వెళ్ళిపోయి, నేను వండుకుని తిని, గిన్నెలు కడుక్కుని, దీపం దగ్గరికి ఈ డైరీ తెచ్చుకునేదాకా ఆ భయం నన్ను వదల్లేదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి నా వెనకే తిరిగింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఇంకొకరెవరో ఉన్నట్టుంది.